పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు గ్రాఫిక్స్ కార్డు: వాట్లు చూడాలా, వేగం చూడాలా?

ప్రశ్న (అమలాపురం స్టూడియో):

నమస్కారమండి. అమలాపురంలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది; పెళ్లి వీడియోలను డావిన్సీ రిజాల్వ్ స్టూడియోలో ఎడిట్ చేస్తాము. ఇప్పుడున్న కంప్యూటర్లో ఇంటెల్ ఐ5-10400 ప్రాసెసర్, 6 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు ఉన్నాయి. మా వైపు ముహూర్తాలు చాలావరకు రాత్రిపూటే కాబట్టి ఊరేగింపు దృశ్యాల్లో నాయిస్ (వెలుతురు చాలనప్పుడు బొమ్మ మీద కనిపించే చుక్కలు) బాగా వస్తుంది. దాన్ని తగ్గించే ఎఫెక్టు పెట్టగానే టైమ్‌లైన్ కదలడం మానేస్తుంది, రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియో ఫైలుగా తయారుచేయడం) పూర్తయ్యేసరికి తెల్లవారుతుంది.

ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 4060 8 జీబీ, 5060 8 జీబీ కార్డులు చూశాను. కంపెనీ ప్రకటించిన విద్యుత్ వినియోగం వరుసగా 170, 115, 145 వాట్లు. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు 850 వీఏ ఇన్వర్టరు మీదే పని నడవాలి, పైగా బిల్లు వాణిజ్య కేటగిరీలో వస్తుంది. అందువల్ల వాట్లు తక్కువున్న కార్డే నయమని నాకనిపిస్తోంది. వాట్లను పట్టించుకోవద్దు, వేగమే చూడమని మిత్రులు అంటున్నారు. రెండింటినీ కలిపి పోల్చే పద్ధతి ఉంటే తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (రాజమహేంద్రవరం):

వాట్లు అంటే ఆ క్షణంలో కార్డు ఎంత కరెంటు లాగుతోందన్నది మాత్రమే. బిల్లులో కట్టేది యూనిట్లకు, అంటే వాట్లను పని చేసిన గంటలతో గుణించి వెయ్యితో భాగించిన లెక్కకు. కాబట్టి ఒక పెళ్లి వీడియో రెండర్ పూర్తి కావడానికి మొత్తం ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయన్నదే అసలైన కొలత.

ఇందులో చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. కార్డు పనిచేస్తున్నంత సేపూ ప్రాసెసరు, మానిటరు, హార్డ్ డిస్కులు కూడా నడుస్తూనే ఉంటాయి. అవన్నీ కలిపి 120 వాట్లు అనుకుందాం. 115 వాట్ల కార్డు ఒక పనిని రెండున్నర గంటల్లో చేస్తే మొత్తం 235 వాట్ల చొప్పున సుమారు 0.59 యూనిట్లు ఖర్చవుతాయి. అదే పనిని 200 వాట్ల కార్డు గంటన్నరలో ముగిస్తే 320 వాట్ల చొప్పున 0.48 యూనిట్లే. వాట్లు ఎక్కువున్న కార్డే ఇక్కడ పొదుపు అయింది. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసిన అంకెలు, ఏ కార్డు పరీక్షలోనూ వచ్చినవి కావు.

నిజమైన ఉదాహరణ కావాలంటే 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080ని, 2023లో వచ్చిన 4070ని పోల్చండి. ఆటల్లో రెండింటి వేగం దాదాపు సమానం, కానీ మొదటిది 320 వాట్లు, రెండోది 200. ఇంత తేడాకు ప్రధాన కారణం తయారీ. పాత తరం చిప్పులు శాంసంగ్ 8 నానోమీటర్ల పద్ధతిలో, తర్వాతి తరం తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీవారి మరింత సూక్ష్మమైన 4ఎన్ పద్ధతిలో తయారయ్యాయి. చిప్పులోని ఎల్2 క్యాష్ (చిప్పులోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) కూడా బాగా పెరిగింది: 3060లో 3 ఎంబీ ఉంటే 4060లో 24 ఎంబీ. కావలసిన డేటా చిప్పులోనే దొరికితే బయటి మెమరీ దాకా వెళ్లనక్కరలేదు. అలా వెళ్లి రావడానికే కరెంటు ఎక్కువ పడుతుంది. 

ఇక ఇన్వర్టరు సంగతి వేరు. అది లోడు మోయగలదా లేదా అన్నది వాట్లను బట్టి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందన్నది యూనిట్లను బట్టి ఉంటుంది. మీ మూడు కార్డుల్లో ఏది పెట్టినా 850 వీఏ మోస్తుంది. ఫ్యాన్లు, లైట్లు కూడా అదే లైన్లో ఉంటే మాత్రం ముందు వాటిని కూడి చూసుకోవాలి.

సమాధానం 2 (భీమవరం):

పైవారి లెక్కతో ఏకీభవిస్తున్నాను, అయితే మీ పనికి అంతకంటే ముందు చూడవలసినవి ఉన్నాయి. మీ కెమెరా 10 బిట్ 4:2:2 హెచ్.265లో (రంగుల వివరాలను ఎక్కువగా ఉంచుతూ వీడియోను కుదించే పద్ధతి) రికార్డు చేస్తుందా? చేస్తే ఆ ఫైళ్లను డీకోడ్ చేసే, అంటే కుదించిన వీడియోను విప్పే, ఏర్పాటు 3060లోనూ లేదు, 4060లోనూ లేదు; ఆ సౌకర్యం 50 సిరీస్‌తో వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌లో 11వ తరం నుంచి ఉంది కాని మీది 10వ తరం. అంటే ఇప్పుడు ఆ భారమంతా ప్రాసెసరు కోర్ల మీద పడుతోంది, కార్డు ఎంత వేగమైనదైనా సగం సేపు ఖాళీగా కూర్చుంటుంది. అలా ఎదురుచూస్తున్న కార్డుకు వాట్లు తక్కువ చూపిస్తే అది పొదుపు కాదు.

రెండోది మెమరీ. నాయిస్ తగ్గించే ఎఫెక్టు ముందు వెనక ఫ్రేములను కూడా మెమరీలో పెట్టుకుంటుంది కాబట్టి 4కే టైమ్‌లైన్‌లో 8 జీబీ త్వరగా నిండుతుంది. నిండాక వేగం ఒక్కసారిగా పడిపోతుంది. పైగా 4060, 5060 కార్డులు ఎనిమిది పీసీఐఈ లేన్లే (కార్డుకు, కంప్యూటరుకు మధ్య డేటా నడిచే దారులు) వాడతాయి, మీ బోర్డులోని పీసీఐఈ మూడో తరానిది. మెమరీ నిండి కంప్యూటర్ ర్యామ్ మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. 3060కి 12 జీబీతోపాటు పదహారు లేన్లూ ఉన్నాయి. పాత కార్డయినా ఎడిటింగ్ చేసేవారు దాన్ని ఇంకా అడగడానికి కారణం ఇదే.

సమాధానం 3 (నరసాపురం):

వాడకాన్ని సాఫ్ట్‌వేర్ చూపించే అంకెతో కాక గోడ ప్లగ్గుకు పెట్టే వాట్ మీటరుతో కొలవండి. రేడియన్ 6000 సిరీస్ వరకు ఏఎండీ కార్డులు చిప్పు వాడకాన్నే చూపేవి, ఎన్విడియా కార్డులు బోర్డు మొత్తాన్ని చూపుతాయి. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెడితే పోలిక తప్పుతుంది. ఎస్ఎంపీఎస్‌లో (కంప్యూటరు పవర్ సప్లైలో) పోయే నష్టం కూడా గోడ దగ్గరే తెలుస్తుంది.

ఏ కార్డు కొన్నా ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్‌ను, అంటే కార్డు లాగగల గరిష్ఠ వాట్లను, కొద్దికొద్దిగా తగ్గిస్తూ అదే క్లిప్పును మళ్లీ రెండర్ చేసి చూడండి. చిప్పు వినియోగం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణించిన విలువను) బట్టి పెరుగుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే, వేగం మారకపోయినా, ఆ భాగం దాదాపు 19 శాతం తగ్గుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసమే కార్డులు ఎక్కువ వోల్టేజీ తీసుకుంటాయి కాబట్టి కొంత తగ్గించినా రెండరింగ్ సమయంలో తేడా స్వల్పమే. మే నెలలో మన ఉక్కపోతకు ఇది మరీ అవసరం, ఎందుకంటే వేడెక్కిన చిప్పు అదే పనికి లీకేజీ (పనికి రాకుండా కారిపోయే కరెంటు) రూపంలో మరింత కరెంటు తింటుంది. సముద్రం దగ్గరున్న మాకైతే ఉప్పుగాలికి హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము తడిగా అతుక్కుపోతుంది, ఊదితే రాదు, మెత్తని బ్రష్షుతో తీయవలసిందే.

ఇన్వర్టరు సైన్ వేవ్‌దేనా (లైను కరెంటులాంటి నున్నని తరంగాన్ని ఇచ్చేది), యూపీఎస్ మోడ్‌లో (కరెంటు పోగానే కంప్యూటరు ఆగిపోకుండా వెంటనే బ్యాటరీకి మారేది) ఉందా అన్నది కూడా చూసుకోండి.

అమలాపురం స్టూడియో:

ముగ్గురికీ కృతజ్ఞతలండి. మా రెండు కెమెరాలూ 10 బిట్ 4:2:2 లోనే రికార్డు చేస్తాయి. ప్లే చేసేటప్పుడు ప్రాసెసరు వంద శాతానికి చేరడం, కార్డు ఇరవై దాటకపోవడం ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో చూశాను. ఇన్వర్టరు సైన్ వేవ్‌దే.

సమాధానం 2 (భీమవరం):

అయితే మీకు 5060 సరైనది. డ్రైవరు, రిజాల్వ్ రెండూ తాజా వెర్షన్లై ఉండాలి. 4060తో పోలిస్తే 30 వాట్లు ఎక్కువ కాని డీకోడింగ్ పని ప్రాసెసరు మీద నుంచి దిగిపోతుంది కాబట్టి గోడ దగ్గర మొత్తం లెక్క తగ్గే అవకాశమే ఎక్కువ. 8 జీబీ పరిమితి మాత్రం ఉంటుంది. నాయిస్ తగ్గింపును క్లిప్పులన్నింటికీ కాకుండా ఊరేగింపు క్లిప్పులకే పెట్టి, వాటిని రెండర్ క్యాష్ చేసుకోండి (ముందే ఒకసారి రెండర్ చేసి దాచుకోండి). మెమరీ నిండిందని రిజాల్వ్ హెచ్చరిస్తే ముందుగా టెంపొరల్ ఫ్రేముల (నాయిస్ తగ్గించడానికి పోల్చి చూసే ముందు వెనక ఫ్రేముల) సంఖ్యను ఒకటికో రెండుకో తగ్గించండి.