విజిటింగ్ కార్డులు: ముందు వంద చాలు చెల్లె

మిర్యాలగూడ నుంచి, ఇప్పుడు మెల్‌బోర్న్:

అందరికీ నమస్తే. మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. ఊళ్లో మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టేదాన్ని. ఇక్కడ కూడా ఇంట్లోనే మొదలుపెట్టాను. గుడిలో కలిసినవాళ్లు నంబరు అడిగితే చిన్న కాగితం మీద రాసిస్తున్నాను, అవి పోతున్నాయి. విజిటింగ్ కార్డులు వేయిద్దామని ఉంది. మా తమ్ముడు ఊళ్లో వెయ్యి కొట్టించి, వచ్చే నెల వస్తున్న మా అత్తమ్మతో పంపిస్తానంటున్నాడు. అక్కడే నయమా, ఇక్కడ చేయించుకోవాలా? ఎక్కువ ఖర్చు పెట్టలేను.

నల్లగొండ నుంచి, ఇప్పుడు అడిలైడ్:

చెల్లె, నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక డీటీపీ షాపులో పదకొండేళ్లు పనిచేశాను. తమ్ముడి మనసు మంచిదే. కానీ ఇప్పుడే వెయ్యి వద్దు. ముందు వంద కొట్టించుకో, అదీ మెల్‌బోర్న్‌లోనే.

మన దగ్గర వెయ్యికి తక్కువ వేయమని ఎందుకంటారో చెబుతాను. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో అచ్చు వేసే పద్ధతిలో, మల్టీకలర్ అంటే రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు. వంద వేసినా వెయ్యి వేసినా ప్లేట్ల ఖర్చు అంతే, అందుకే వెయ్యి వేస్తేనే ఒక్కో కార్డు చవక పడుతుంది. డిజిటల్ మెషీన్‌కు ప్లేటు అక్కర్లేదు కాబట్టి తక్కువ కార్డులైనా వేస్తారు. ఆఫీస్‌వర్క్స్ షాపులో అడుగు, విస్టాప్రింట్ వెబ్‌సైట్లో కూడా చూడు. రెండింటి ధరా డెలివరీతో కలిపి పోల్చుకో. ఇంకో లెక్క కూడా ఉంది. 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు 350 గ్రాముల కాగితం) కార్డులు వెయ్యి అంటే 1.7 కిలోల దాకా తూగుతాయి. అత్తమ్మ పెట్టెలో అంత బరువుకు చోటుంటే జరీ, పూసలు, కుందన్లు తెప్పించుకో. అవి నీ పనికి వస్తాయి.

నాకు జరిగింది కూడా చెబుతాను. వచ్చిన మొదటి ఏడాది మా అన్నతో ఊళ్లోనే వెయ్యి కార్డులు వేయించుకున్నాను. ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా, వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది. పొయ్యి మీద కూర ఉంది, చిన్నోడు ఏడుస్తున్నాడు, ఒకసారి చూసి ఓకే అన్నాను. కార్డులు చేతికొచ్చాక చూస్తే ఫోన్ నంబరులో రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. వెనక వైపు తెలుగులో వత్తులన్నీ అక్షరాల పక్కన విడిగా పడ్డాయి. ప్రెస్ వాళ్లు మీరు ఓకే చెప్పాకే వేశామన్నారు. ఆ డబ్బాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ప్రూఫ్‌ను ఫోన్‌లో చూసి ఊరుకోకు. కార్డు అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, కత్తిరించి, మీ ఆయన్ను పైకి చదవమను. ఆ కాగితం మీదున్న నంబరు చూస్తూ ఇంకో ఫోన్ నుంచి డయల్ చేయి. నీ ఫోన్ మోగితేనే ఓకే అను.

సైజు విషయంలో జాగ్రత్త. ఆస్ట్రేలియాలో మామూలు కార్డు 90 x 55 మిల్లీమీటర్లు. అమెరికా సైజు టెంప్లేట్ తీసుకుంటే 89 x 51 వస్తుంది. రంగు అంచు దాకా ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదలాలి, అంటే ఫైలు 96 x 61. కటింగ్‌లో బ్లేడు కొంచెం జరిగినా అంచున తెల్లగీత పడదు. అక్షరాలు మాత్రం కటింగ్ గీతకు కనీసం 4 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి.

అంచుకు ఇక్కత్ డిజైన్ పెట్టాలనుకుంటే నెట్‌లో దొరికిన బొమ్మ తీసుకోకు. అది ఎవరిదో అవుతుంది, పైగా మసకగా పడుతుంది. నీ దగ్గర పోచంపల్లి చీర ఉంటే పగటి వెలుతురులో నువ్వే ఫొటో తీయి. కార్డు నిండా పడాలంటే కనీసం 1134 x 720 పిక్సెల్స్ ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు. రాణి పింక్, నెమలి రంగు ఫోన్‌లో మెరిసినట్టు కాగితం మీద మెరవవు, కాస్త డల్‌గా వస్తాయి. ముందే తెలిస్తే బాధ ఉండదు.

ఇక పేరు. ఇది చాలామంది ఆలోచించరు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇక్కడివాళ్లు ముందున్నదే పిలిచే పేరు అనుకుంటారు. కాబట్టి నిన్ను అందరూ ఏ పేరుతో పిలుస్తారో అదే పెద్ద అక్షరాల్లో పెట్టు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పెట్టాలన్న నియమం కార్డుకు లేదు. ఇంటి అడ్రసు మాత్రం వేయకు చెల్లె. ఇంట్లో ఒక్కదానివే ఉండే టైమ్ ఉంటుంది. ఏరియా పేరు చాలు, వచ్చేవాళ్లకు ఫోన్‌లో చెప్పొచ్చు.

మిర్యాలగూడ నుంచి:

అక్కా, చాలా థాంక్స్. షాపుకు ఒక పేరు అనుకున్నాను, అది వేయొచ్చా? బంగారు రంగులో వేస్తే బాగుంటుందా? వెనక తెలుగు ఉండాలని నాకు ఆశ.

నల్లగొండ నుంచి:

ముందు నీ వీసా మీద పని చేసుకునే వీలుందో లేదో హోమ్ ఎఫైర్స్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) వాళ్ల వీవో వెబ్‌సైట్లో చూసుకో. ఉంటే ఏబీఎన్ తీసుకో, అది వ్యాపారానికి ఇచ్చే 11 అంకెల నంబరు, ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితం. నెట్‌లో మధ్యవర్తులు డబ్బు అడుగుతారు, వాళ్ల జోలికి వెళ్లకు. నీ సొంత పేరుతో చేస్తే పేరు రిజిస్టర్ అక్కర్లేదు. వేరే పేరు పెట్టుకుంటే ఏఎస్ఐసీలో (వ్యాపార పేర్లు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ చేశాకే కార్డు వేయించు.

బంగారు ఫాయిల్‌కు ఖర్చు ఎక్కువ. ఫాయిల్ లేకుండా మామూలు ఇంకుతో బంగారం అంటే బురద పసుపు పడుతుంది. ఆ డబ్బు మంచి కాగితం మీద పెట్టు. ముందు వైపు మ్యాట్, వెనక వైపు కోటింగ్ లేకుండా అడుగు. గ్లాసీ మీద పెన్ను జారుతుంది. వెనక ట్రయల్ తేదీ, డెలివరీ తేదీ అని రెండు ఖాళీ గీతలు పెట్టి, నువ్వే పెన్నుతో రాసిస్తే ఆ కార్డును ఎవరూ పారేయరు.

తెలుగుకు మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఊళ్లో అను ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్ తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఫైలు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మగా, మార్చి పీడీఎఫ్ చేయించు, అప్పుడు వాళ్ల మెషీన్లో ఫాంట్ లేకపోయినా వత్తులు కదలవు.

మహబూబ్‌నగర్ నుంచి, ఇప్పుడు సిడ్నీ:

క్యూఆర్ కోడ్ పెడితే స్టాటిక్‌ది, అంటే వివరాలు కోడ్‌లోనే ఉండేది, పెట్టండి చెల్లె. డైనమిక్ కోడ్, అంటే వేరే సైటు గుండా వెళ్లేది, కొన్ని సైట్లలో ఉచిత ట్రయల్ గడువు అయిపోగానే పనిచేయదు, నేను 300 కార్డులు అలా పోగొట్టుకున్నాను. రెండు సెంటీమీటర్ల సైజు, చుట్టూ తెల్ల ఖాళీ ఉండాలి. ముదురు రంగు మీద తెల్ల కోడ్ పెడితే కొన్ని ఫోన్లు చదవవు.

మిర్యాలగూడ నుంచి:

వంద కార్డులే ఆర్డర్ చేస్తున్నాను. ప్రూఫ్ కాగితం మీద తీసి మా ఆయనతో చదివించాను, ఫోన్ మోగింది అక్కా. నంబరు మాత్రం పది అంకెలూ కలిసిపోయి కనిపిస్తున్నాయి.

నల్లగొండ నుంచి:

ముందు నాలుగు, తర్వాత మూడు, మళ్లీ మూడు. మధ్యలో ఖాళీ వదులు. ఇక్కడివాళ్లు అలాగే చదువుతారు.