కోడ్ ఇంజెక్షన్‌కి "ప్రక్షిప్తం" అనొచ్చా?

అందరికీ నమస్కారం. నడుస్తున్న గేమ్ మెమొరీలో అంకెలు మార్చే చీట్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ట్యుటోరియల్‌ని మా తమ్ముడి కోసం తెలుగులో రాస్తూ ఏడో మెట్టు దగ్గర ఆగిపోయానండీ. అక్కడ బటన్ నొక్కినప్పుడల్లా హెల్త్ 1 తగ్గుతుంది, దాన్ని 2 పెరిగేలా చేయాలి. మెమొరీలో అంకె మార్చి ఊరుకుంటే ఇంకోసారి నొక్కగానే మళ్ళీ తగ్గుతుంది కదా, అందుకని ఆ అంకెని తగ్గిస్తున్న ఇన్‌స్ట్రక్షన్ ఎక్కడుందో పట్టుకుని, ఆ "సబ్" (తీసివేత) బదులు మనం వేరే చోట రాసుకున్న "యాడ్" (కూడిక) నడిచేలా చేస్తాం, దీన్నే కోడ్ ఇంజెక్షన్ అంటున్నారు. "ఎక్కించడం" అంటే సెలైన్ గుర్తొస్తోంది, "చొప్పించడం" ఫర్వాలేదు. కానీ నాకు ప్రక్షిప్తం అనే మాట తట్టింది, కవి రాయని పద్యం తర్వాతెవరో కావ్యంలో కలిపితే అలాగే అంటాం కదా. పైగా "క్షిప్" అంటే విసరడం, ఇంజెక్షన్‌కి మూలమైన లాటిన్ మాటకీ లోపలికి విసరడమనే అర్థం. మీరేమంటారు?

వ్యాఖ్య 1:
మాట చాలా బాగుందండీ, కానీ ఒక్క తేడా. ప్రక్షిప్త పద్యం చేరితే తర్వాతి పద్యాలన్నీ కిందికి జరుగుతాయి, కావ్యం పెరుగుతుంది. ఇక్కడ కోడ్‌ని అలా జరపలేం, జరిపితే జంప్‌లన్నీ (ఫలానా చోటికి వెళ్ళమనే ఇన్‌స్ట్రక్షన్లు) గురి తప్పి గేమ్ పడిపోతుంది. అందుకే పాత ఇన్‌స్ట్రక్షన్ ఉన్న చోటే జంప్ రాసి మన కోడ్‌కి వెళ్ళి, పని అయ్యాక దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌కి తిరిగొస్తాం. కాలువకి గండి కొట్టి, నీళ్ళు మన చేలో పారించుకుని, మళ్ళీ అదే కాలువలో కలిపినట్టు. నేనైతే "మళ్లింపు" అంటాను.

వ్యాఖ్య 2:
గండి కొట్టడం అద్భుతంగా కుదిరింది! మరి నాప్ సంగతేంటి? ఆ సబ్ ఇన్‌స్ట్రక్షన్ 7 బైట్లు, జంప్‌కి 5 చాలు (జంప్ అని చెప్పే E9 ఒకటి, ఎంత దూరమో చెప్పే నాలుగు), మిగిలిన 2 బైట్లలో 90, 90 అని నాప్‌లు పెడతాం, అవి ఏ పనీ చేయవు, జాగా నింపుతాయంతే. సంస్కృత శ్లోకంలో గణాలు సరిపోక చ, వై, తు, హి అని వేస్తారు చూడండి, అచ్చం అదే. పాదపూరణం అనండి.

వ్యాఖ్య 3 (అడిగినవాణ్ణి నేనే):
ఇద్దరికీ చాలా థాంక్సండీ, పాదపూరణం నాకసలు తట్టనే లేదు, నాప్ ఎందుకో మావాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఈ మాట వినగానే అర్థమైపోయింది. ఇప్పుడు ఇలా రాశాను: వేరే చోట మనం రాసిన కోడ్ ప్రక్షిప్తం, పాత చోట పెట్టిన జంప్ మళ్లింపు, దానికి 5 బైట్లు, మిగతా 2 పాదపూరణం. చొప్పించడం తీసేశా, అక్కడ చొప్పించేది ఏమీ లేదు కాబట్టి. ఎనిమిదో మెట్టులో పాయింటర్ (ఇంకో చోటి చిరునామా దాచుకునేది) మీద పాయింటర్ మీద పాయింటర్ ఉంది, దానికి మాట రేపు అడుగుతా.