రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైకు వెనుక సీటులో ఆరేళ్ల పాపకు కుడికాలు ఆనడం లేదు

మా అమ్మాయికి ఆరేళ్లు, ఎత్తు 112 సెం.మీ. బండి శబ్దం వినపడగానే హెల్మెట్ తెచ్చుకుని గుమ్మంలో నిలబడుతుంది; ఆ ఇష్టం భయంగా మారకూడదని నా తాపత్రయం. 2023 ఫిబ్రవరి 15 నుంచి నాలుగేళ్లలోపు పిల్లలకు తప్పనిసరి చేసిన సేఫ్టీ బెల్టు, గంటకు 40 కి.మీ. వేగపరిమితి ఆమె వయసుకు వర్తించకపోయినా, వాటినే పాటిస్తున్నాను.

చిక్కంతా కాళ్ల దగ్గరే. ఎడమకాలు చీర గార్డు మెట్టు మీద ఆనుతుంది గానీ, కుడికాలు ఫుట్‌రెస్టు అందక, కాలుతున్న సైలెన్సర్‌కు పైనే వేలాడుతుంది. ఇరవై నిమిషాలకే తొడలు లాగుతున్నాయంటుంది. మందపాటి అట్ట ఉన్న బూట్లు వేసినా అందలేదు. మెకానిక్ ఫ్రేము గొట్టానికి క్లాంపుతో చిన్న ఫుట్‌రెస్టు బిగించారు; లోపల రబ్బరు ముక్క చుట్టినా, గతుకుల్లో పది కిలోమీటర్లు వెళ్లేసరికి అది కిందికి తిరిగిపోతోంది. వెల్డింగ్ చేస్తానన్నారు కానీ, ఫ్రేము బలహీనపడుతుందని నేను ఒప్పుకోలేదు.

వెల్డింగ్ లేకుండా, బరువు పడినా తిరిగిపోని ఎత్తైన ఫుట్‌రెస్టును ఈ బండికి కుడివైపు ఎవరైనా బిగించుకుని ఉంటే, ఎక్కడ, ఎలా బిగించారో దయచేసి చెప్పగలరా?