కిటికీ ఎక్కలేకపోతున్న ముసలి పిల్లి: లోపలికీ బయటికీ దారి ఎలా?

గౌరినాన్న:

మా గౌరికి 15 ఏళ్లు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూలు బ్యాగులో దాచి తెచ్చింది. ఇప్పుడు అమ్మాయి ఉద్యోగమని వేరే ఊళ్లో ఉంది, పిల్లి నాకు మిగిలింది.

మొదటినుంచీ దాని దారి ఒకటే, వంటింటి కిటికీ. లోపల నేల మీంచి గట్టు మూడడుగులు ఉంటుంది. ఒక్క గంతులో ఎక్కి, ఊచల సందులోంచి దూరి, అవతల నాలుగున్నర అడుగుల కిందికి దూకేది. వచ్చేటప్పుడు పిట్టగోడ ఎక్కి అక్కణ్ణుంచి గట్టు మీదికి. వీధి తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, కిటికీలోంచే పోవాలి దానికి.

రెండు నెలలుగా కిటికీ కింద కూర్చుని పైకి చూస్తోంది. వెనక కాళ్లు సర్దుకుంటుంది, ఒళ్లు కూడదీసుకుంటుంది, ఇక దూకుతుంది అనుకునేసరికి మళ్లీ కూర్చుంటుంది. ఇలా నాలుగైదు సార్లు. జాలేసి ఎత్తి గట్టు మీద పెడితే అక్కడ కూర్చుని కిందికి చూస్తూ ఉంటుంది. పోయిన వారం తనంతట తనే ఎక్కబోయి, ముందు కాళ్లతో గట్టు పట్టుకుని వేలాడింది. నేను అందుకునేలోపే పడింది. పడి, ఏమీ జరగనట్టు అటు తిరిగి ఒళ్లు నాక్కుంది. దాని పరువు దానిది.

పాత మంచం పలక ఒకటుంటే, నాలుగడుగులది, నున్నగా చిత్రిక పట్టి, వార్నిష్ కూడా వేసి, గట్టుకు ఆనించి ర్యాంప్‌లా పెట్టాను. మూడు రోజుల పని. అది వచ్చి వాసన చూసి, వెళ్లి ఆ పలక నీడలో పడుకుంది. ఇంతవరకూ దానిమీద కాలు పెట్టలేదు.

ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి. ఇంట్లోనే పెట్టేయండి అన్న సలహా మాత్రం వద్దు. నాకూ మోకాళ్లు నొప్పే, అయినా సాయంత్రం నడక మానలేదు.

మూడుపిల్లులఇల్లు:

మూడడుగుల ఎత్తుకు నాలుగడుగుల పలకా! అది ర్యాంప్ కాదండీ, నిచ్చెన. దాదాపు 50 డిగ్రీల వాలు వస్తుంది. దానిమీద మళ్లీ వార్నిష్! నేనైనా ఎక్కను.

20 డిగ్రీల వాలు కావాలంటే పలక తొమ్మిదడుగులు ఉండాలి. అంత పొడుగు పలక ఎక్కడ దొరుకుతుంది? అందుకే మెట్లు కట్టండి. ఒక్కో మెట్టు ఎత్తు అర అడుగు దాటొద్దు. లోతు అడుగున్నరైనా ఉండాలి, నాలుగు కాళ్లూ ఆనించి నిలబడి ఊపిరి తీసుకోవాలిగా. అన్నిటికంటే ముఖ్యం, ఊగకూడదు. ఎక్కిన మొదటిరోజు ఒక్కసారి కదిలిందా, ఇక ఆరు నెలలు దాని దగ్గరికి రాదు. మా పెద్దదానితో నాకు జరిగింది అదే, పాత అట్టపెట్టెలతో కట్టాను మరి.

పైన గరుకుగా ఉండే గుడ్డ బిగించండి. పోగులు లేచే గుడ్డ వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి. దాన్ని ఎత్తి మెట్ల మీద పెట్టి నేర్పించాలని చూడొద్దు. అది రోజూ కూర్చునే చోటే మొదటి మెట్టు ఉండేలా పెట్టి మీ పని మీరు చూసుకోండి.

ఇంకొకటి. మీరు లోపలి వైపు మూడడుగుల గురించే ఆలోచించారు. దానికి భయం అవతలి నాలుగున్నర అడుగులు కావచ్చు. దూకినప్పుడు బరువంతా ముందు కాళ్ల మీదే పడుతుంది. గట్టు మీద పెట్టినా కిందికి చూస్తూ కూర్చుంటోందని మీరే రాశారు కదా.

నీలికళ్లు:

వద్దన్నారు కానీ అంటాను. ఆ వయసులో చెవులు కూడా సరిగ్గా వినపడవు, వెనకనుంచి బండి వస్తే తెలియదు. నేనైతే తలుపులు వేసి లోపలే ఉంచుతాను.

గౌరినాన్న:

చెవుల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. నిన్న వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. రెండోసారికి తిరిగింది. వినపడకనో, లెక్కచేయకనో చెప్పలేను, పిల్లి కదా. అది తిరిగేది పెరట్లోనే, వీధిలోకి పోయి చాలా ఏళ్లయింది. చీకటి పడ్డాక మాత్రం ఇక వదలను.

పాతకాపు:

మెట్లు కట్టండి, కానీ ముందు డాక్టరుకు చూపించండి. మా వాడు సోఫా ఎక్కడం మానేస్తే వయసైపోయిందిలే అనుకుని ఏడాది ఊరుకున్నాను. వయసు కాదు, నొప్పి. 2002లో అచ్చయిన ఒక పరిశోధనలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్లు అరిగిన గుర్తులు కనిపించాయి. కుక్కలా కుంటవు ఇవి, మూలగవు. దూకడం తగ్గిస్తాయి, వీపు నాక్కోవడం మానేస్తాయి, అక్కడ బొచ్చు అట్టకడుతుంది. గౌరి వీపు ఒకసారి చూడండి.

క్లినిక్‌లో అది నడవదు, బల్ల మీద ముద్దలా కూర్చుంటుంది. అందుకని కిటికీ కింద తటపటాయించడం ఇంట్లోనే ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి. మా డాక్టరుకు పది నిమిషాల పరీక్షలో తెలియనిది అర నిమిషం వీడియోలో తెలిసింది.

బీపీ కూడా చూడమనండి. ముసలి పిల్లుల్లో కిడ్నీ, థైరాయిడ్ జబ్బులతో బీపీ పెరిగి, కంటిలోపలి పొర ఊడి, ఉన్నట్టుండి చూపు పోవచ్చు. ఎత్తు అంచనా తప్పడానికి అదీ ఒక కారణం కావచ్చు.

నొప్పి కదా అని మీ మోకాళ్ల మాత్రల్లోంచి ముక్క విరిచి పెట్టొద్దు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. దాంతో రక్తం ఆక్సిజన్ మోయలేకుండా పోతుంది. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. పిల్లుల కీళ్లనొప్పికి నెలకోసారి వేసే ఫ్రూనెవెట్‌మాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. యూరప్‌లో 2021లో, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. అది దొరుకుతుందా, గౌరికి సరిపడుతుందా అన్నది డాక్టరే చెప్పాలి.

చిట్టితలుపు:

మాది తలుపుకు కోసిన పిల్లి దారి, తలతో తోస్తే తెరుచుకునే చిన్న రెక్క ఉన్నది. పదేళ్లు దూరిన పిల్లి ఒకరోజు రెక్కను నెట్టడం మానేసింది. కింద అయస్కాంతం ఉంటుంది, తలతో గట్టిగా తోస్తేగానీ విడవదు. మెడ నొప్పి అని తర్వాత తెలిసింది. రెక్కను పైకెత్తి టేపు అంటించేశాను, దోమలు వస్తే వచ్చాయి. రెండు వైపులా ఇటుకల మీద పలక పరిచి, కాలు ఎత్తకుండా దాటేలా చేశాను. కిటికీకి పనికిరాదేమో గానీ మీ గడప దగ్గర పనికొస్తుంది.

గౌరినాన్న:

మూడు వారాలైంది, ఏం జరిగిందో రాస్తున్నాను.

వీడియో చూపించాను. డాక్టరు ముందు కాళ్ల మోచేతి కీళ్లు పట్టుకుని మెల్లగా వంచేసరికి గౌరి జీవితంలో మొదటిసారి నా ముందు బుస్సుమంది. రెండు మోచేతులూ, ఒక తుంటీ అరిగాయట. అంటే ఎక్కడం కంటే దిగడమే కష్టం అన్నమాట, మూడుపిల్లులఇల్లు గారు చెప్పింది నిజమే. బీపీ బాగానే ఉంది. కిడ్నీ కొంచెం మందగించిందని మందు ఆచితూచి ఇచ్చారు. ఇంజెక్షన్ సంగతి వచ్చే నెల చూద్దామన్నారు. నన్ను సిగ్గుపడేలా చేసింది మాత్రం గోరు. ముందు కాలి బొటన గోరు గుండ్రంగా తిరిగి, మెత్తని అరికాలికి దాదాపు గుచ్చుకోబోతోంది. ముసలి పిల్లులు గోళ్లు సరిగ్గా గీరుకోవు కాబట్టి అవి మందంగా పెరిగిపోతాయట. రోజూ ఒళ్లో పెట్టుకుంటాను, ఒక్కసారీ పాదం తిప్పి చూడలేదు.

ఆ పాత మంచం మిగతా పలకలు కూడా కోసి లోపల ఐదు మెట్లు కట్టాను, ఆరో మెట్టు గట్టే. అర అడుగు ఎత్తు, అడుగున్నర లోతు. వార్నిష్ వేయలేదు! గోనెపట్టా బిగించి మేకుల తలలు లోపలికి దిగేలా కొట్టాను. గోడకు స్క్రూలు వేసి నేనే ఎక్కి నిలబడి చూశాను, కదల్లేదు. బయట కిటికీ కింద పాత బల్ల ఒకటి వేసి, గట్టు నుంచి బల్ల మీదికి రెండు మెట్లు, బల్ల నుంచి నేలకు రెండు. సాయంత్రం మసక వెలుతురుకు అక్కడ చిన్న బల్బు కూడా పెట్టాను.

నాలుగు రోజులు వాటివంక చూడలేదు. నేను చూస్తున్నానని తెలిస్తే అసలే చూడదు. ఐదోరోజు పొద్దున మూడో మెట్టు గోనెమీద తెల్ల బొచ్చు కనిపించింది. మర్నాడు గట్టు మీద ఉంది. ఆ తర్వాత రోజు పెరట్లో ఎండలో పొర్లుతోంది. నేను దాన్ని బయట పెట్టలేదు, తనే పోయింది.

రావడం దగ్గర మాత్రం కొత్త పద్ధతి పెట్టింది. పదిహేనేళ్లలో ఎన్నడూ వాడని వీధి తలుపు దగ్గరికి వచ్చి కూర్చుని అరుస్తోంది. బల్ల, మెట్లు అన్నీ ఉన్నా సరే. చిట్టితలుపు గారి మాట విని గడపకు రెండు పక్కలా పలక పరిచాను, హాయిగా నడిచి లోపలికొస్తోంది. తలుపు తీయడమే నా పని. వానొచ్చే రోజులకు లోపల లిట్టర్ ట్రే (పిల్లి దొడ్డికి ఇసుక పోసిన తొట్టి) కూడా పెట్టాను, ఒక వైపు అంచు రెండంగుళాలకు కోసేసి. దాన్ని వాడుకుంటోంది, ఆ విషయం ఒప్పుకోదు గానీ, నేను గదిలోకి వస్తే వెంటనే దిగిపోతుంది.

మూడో మెట్టు ఇప్పుడు దాని పడక. నిన్న గోనె సర్దబోతే చేతిమీద ఒక్కటి వేసింది. గోళ్లు కత్తిరించి ఉన్నాయి కాబట్టి సరిపోయింది.