బెల్లం నీళ్ళు తాగిన కోడిపిల్లలు నీళ్ళరెట్ట వేస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. నలభై నాటుకోడి పిల్లలు తెచ్చి ఆరు రోజులైంది. ఎండలకు నీరసపడతాయని వచ్చిన రోజు నుంచీ డ్రింకర్‌లో బెల్లం నీళ్ళే పోస్తున్నా, లీటరుకు ఒక పెద్ద ముక్క, కొలత ఏమీ చూడలేదు. నిన్నటి నుంచి రెట్ట పల్చగా పడుతోంది, ఊక అంతా తడి. మేత తింటున్నాయి, హుషారుగానే ఉన్నాయి. బెల్లం అరగడం లేదా? మందేమైనా వేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బెల్లం నీళ్ళు ఈ పూటే ఆపేసి మామూలు మంచినీళ్ళు పెట్టండన్నా, తడిసిన ఊక తీసేయండి. అరగకపోవడం కాదు, పేగు పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ పోసినట్టున్నారు. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్, అంటే పంచదారలో ఉండే చక్కెరే, పేగు గోడ మీదున్న సుక్రేజ్ ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. కందనకాయ దాటగానే వచ్చే ఆంత్రమూలంలో మేత ఎక్కువసేపు నిలవదు, కాబట్టి పీల్చుకునే పని చాలావరకు దాని తరువాతి భాగమైన జెజునంలోనే జరుగుతుంది. అక్కడ ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఒక్కో గ్లూకోజ్ అణువును రెండు సోడియం అయాన్లతో కలిపి లోపలికి లాగుతుంది. మనుషులకిచ్చే ఓఆర్‌ఎస్‌లో చక్కెరతో పాటు ఉప్పు ఉండేది కూడా ఇందుకే. ఫ్రక్టోజ్‌ది వేరే దారి, దానికి సోడియం అక్కర్లేదు.

ఇక్కడ పీల్చుకోగా మిగిలిన చక్కెర కిందికి పోతుంది. కోడికి చివర్లో రెండు గుడ్డిపేగులు ఉంటాయి కదా, వాటి మొదట్లో కొంత గ్లూకోజ్ పీల్చుకునే శక్తి ఉంది కానీ ఎక్కువ వస్తే అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టేస్తాయి. పైగా పేగులో మిగిలిన చక్కెర నీటిని తన వైపు లాక్కుంటుంది, మీ ఊక తడవడానికి అదే కారణం అయ్యుండొచ్చు. నేనైతే లీటరుకు 20 గ్రాములు, అదీ పిల్లలు వచ్చిన రోజు మాత్రమే ఇస్తాను.

ఒక్కటి మాత్రం గమనించండి. రోజులో అప్పుడప్పుడు పడే ముదురు గోధుమరంగు, జిగట రెట్ట గుడ్డిపేగులది, అది మామూలే, దానికి భయపడొద్దు. రక్తం కనిపించినా, పిల్లలు ముడుచుకుని కూర్చున్నా అది బెల్లం వల్ల కాదు, కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) కావచ్చు, ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: థ్యాంక్స్ అన్నా, ఆపేశాను. బలానికి బదులుగా పాలు కలిపి పోయొచ్చా? ఇంట్లో గేదె ఉంది.

జవాబు: వద్దన్నా. పాలలోని లాక్టోజ్‌ను విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ కోడికి లేదు, అది అరగకుండానే గుడ్డిపేగుల దాకా పోయి మళ్ళీ ఇదే నీళ్ళరెట్ట తెస్తుంది. మంచి స్టార్టర్ మేత, చల్లటి నీళ్ళు, నీడ చాలు.

ఇంకొకరి మాట: మా అబ్బాయి గూటిలోంచి పడిన గోరింక పిల్లకు పంచదార నీళ్ళు పట్టబోయాడు, ఇది చదివి ఆపించాను, మంచిపనేనా?

జవాబు: మంచిపనే చేశారు. గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ పిట్టల్లో సుక్రేజ్ అస్సలు ఉండదు, పంచదార పెడితే విరేచనాలే. అవి తినే పండ్లలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ విడివిడిగానే ఉంటాయి కాబట్టి ఇబ్బంది రాదు. పిల్ల కళ్ళు తెరిచి ఈకలు వచ్చి ఉంటే తల్లి కనిపించే చోట కొమ్మ మీద పెట్టండి, తల్లే వచ్చి మేపుకుంటుంది.