పాత ఫర్నిచర్‌కి వైట్ స్ప్రే పెయింట్... వేటికి కొట్టొచ్చు, వేటికి వద్దు?

గోదారమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మా అత్తగారి వైపు ఊళ్ళో ఇల్లు అమ్మేస్తున్నారు, సామానంతా పాత ఇనుప సామాన్ల బండికి వెళ్ళిపోతుంటే ప్రాణం ఒప్పక కొన్ని హైదరాబాద్ తెచ్చేసుకున్నాను. టేకు డ్రెస్సింగ్ అద్దం (ఫ్రేమ్ చుట్టూ తీగలు, పువ్వులు చెక్కి ఉన్నాయి), రెండు పేము కుర్చీలు, ఇనుప ట్రంకు పెట్టె, ఆకుపచ్చ రంగు పెచ్చులు ఊడుతున్న ఇనుప పూలకుండీల స్టాండు, కొన్ని చెక్క ఫోటో ఫ్రేములు, ఇంకా ఒక పీట. మాది అద్దె ఫ్లాట్, ఐదో అంతస్తు, హాల్లో వెలుతురు బాగా తక్కువ, అందుకే అన్నిటికీ వైట్ కొట్టేస్తే గది కాస్త తేటగా కనిపిస్తుందని ఆశ. బ్రష్ మంచిదా స్ప్రే మంచిదా, బాల్కనీలో చేసుకోవచ్చా, కొన్నాళ్ళకి పచ్చబడుతుందా, చేసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పరా ప్లీజ్.

రంగులడబ్బా:
పేము కుర్చీలకి మాత్రం కళ్ళు మూసుకుని స్ప్రే అండి, బ్రష్‌తో వేస్తే అల్లిక సందుల్లో రంగు గడ్డకట్టి పైన కారినట్టు ఉంటుంది. ముందు పాత టూత్‌బ్రష్‌తో సందుల్లో దుమ్మంతా లాగేసి, తడి గుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత కుర్చీని తలకిందులుగా పెట్టి కాళ్ళు, అడుగుభాగం ముందు కొట్టి, అవి ఆరాక నిలబెట్టి పైభాగం కొట్టాలి, ఎందుకంటే నిలబెట్టే మొదలుపెడితే కూర్చున్నప్పుడు ఎదురుగా కనిపించే చేతుల అడుగు, వీపు వెనక పాత రంగు అలాగే మిగిలిపోతుంది.

ఇక కొట్టే పద్ధతి. డబ్బాలో గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా ఇంకో నిమిషం ఊపాలి, తెల్లరంగు పిగ్మెంట్ బరువు కదా అడుగున కూర్చుంటుంది. జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం నుంచి, వస్తువుకి బయటే నొక్కడం మొదలుపెట్టి దాని మీదుగా చెయ్యి ఆపకుండా లాగి అవతల బయటికి వెళ్ళాక వదలాలి, మధ్యలో చెయ్యి ఆగిందంటే అక్కడ కారుతుంది. మొదటి కోటు వేశాక కింద రంగు కనిపిస్తూనే ఉంటుంది, కంగారుపడి దట్టంగా కొట్టకండి, తెలుపు ఎప్పుడూ పల్చగా మూడు నాలుగు కోట్లు అడుగుతుంది. కోటుకీ కోటుకీ మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అది తప్పకుండా చదవండి. చాలా ఎనామెల్ డబ్బాల్లో గంటలోపు అయినా వేయాలి లేదంటే ఒకటి రెండు రోజులు ఆగాలి, ఆ మధ్యలో వేస్తే కింద సగం ఆరిన పొర మెత్తబడి పైన ముడతలు లేస్తుంది.

పచ్చబడటం గురించి: ఆయిల్ ఎనామెల్ తెలుపు వెలుతురు తక్కువున్న గదిలోనే ఎక్కువ పచ్చబడుతుంది, మీ హాలు అలాంటిదే అంటున్నారు కాబట్టి ఆక్రిలిక్ అని రాసి ఉన్నది తీసుకోండి. పైన క్లియర్ కోటు వేసేటట్టయితే అదీ ఆక్రిలిక్కే. మ్యాట్ (మెరుపు లేనిది) అయితే చేతి మరకలు పట్టేస్తాయి, కుర్చీలకి సాటిన్ (కొద్దిగా మెరిసేది) బాగుంటుంది.

కరీంనగర్_వడ్రంగి:
అక్కా, గా టేకు అద్దం మీద మాత్రం తెల్లరంగు కొట్టకు. మా నాయిన, నేను ఇదే పని జేస్తం. టేకుల నూనె ఉంటది, కర్రల రంగు ఉంటది, మీద తెలుపు ఎన్ని కోట్లు కొట్టినా కొన్ని దినాలకు లోపట్నుంచి పసుపు, గోధుమరంగు మరకలు ఎల్లుతయి. ఆపాలంటె ముందుగాల లక్కతోని సీల్ కోటు వెయ్యాలె, లేకుంటె షెల్లాక్ ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే లక్క అడుగు కోటు) కొట్టాలె, గప్పుడు ఆగుతది. కని అసలు ఎందుకు కొట్టుడు? నగిషీ మీద రంగు పడితె గీతలన్నీ పూడుకపోతయి, మల్ల తియ్యాలంటె గా పువ్వుల సందులల్ల గీకలేం, రిమూవర్ పోసి గీకితె చెక్కుడు పదును పోతది. ఇప్పుడు గసొంటి చెక్కుడు చేపియ్యాలంటె మనిషి దొరుకుతలేడు. 320 నంబర్ సాండ్ పేపర్ మెల్లగ, కర్ర గీర ఎటు పోతె అటే కొట్టి, దుమ్ము తుడిచి, స్పిరిట్ పాలిష్ రెండు మూడు చేతులు వెయ్యుర్రి. ఎంత పాతదైనా కర్ర కింద మంచిగనె ఉంటది. గది తెల్లగ కావాలంటె ఫోటో ఫ్రేములకు కొట్టుకో, గవి మామూలు కర్రనే అయితయి. సందులు, మేకు బొక్కలు ఉంటె ముందు లప్పం పెట్టి రుద్దాలె, లేకుంటె తెలుపుల ప్రతి బొక్క కండ్లవడ్తది.

విశాఖ_గాలి:
ఇనుప సామాను గురించి నేను చెప్తాను, సముద్రం పక్కన ఉంటాం కాబట్టి మాకు తుప్పుతోనే కాపురం. ట్రంకు పెట్టె మీద తుప్పుని వైర్ బ్రష్‌తో, తర్వాత ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా తీసి, థిన్నర్ గుడ్డతో తుడిచి అదే రోజు ప్రైమర్ కొట్టేయండి, రేపు చూద్దాంలే అనుకుంటే రాత్రి తేమకే మళ్ళీ ఎర్రగా పూస్తుంది. షాపులో అలవాటుగా రెడ్ ఆక్సైడ్ ఇస్తారు, అది మంచిదే కానీ దాని మీద తెలుపు వేస్తే గులాబీ ఛాయ కొట్టి ఇంకో రెండు కోట్లు ఎక్కువ తాగుతుంది, గ్రే లేదా వైట్ మెటల్ ప్రైమర్ అడగండి. ముసురు రోజున పని పెట్టుకోవద్దు, గాల్లో తేమ ఎక్కువుంటే రంగు మెరుపు పోయి పాలిపోయినట్టు ఆరుతుంది. పొద్దున్న మంచు విడిచాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేయడం మేలు, కాలిపోతున్న రేకు మీద కొడితే గరుకుగా వస్తుంది. ట్రంకు లోపలి వైపు మాత్రం రంగు వేయకండి, బట్టలకి ఆ వాసన నెలల తరబడి వదలదు.

నీలవేణి_కెమిస్ట్రీ:
మీ స్టాండు మీద పెచ్చులూడుతున్న ఆకుపచ్చ రంగు చూస్తే నాకు భయంగా ఉందండి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు ఎనామెల్స్‌లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. దాన్ని పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము నేల మీద పడి పిల్లల చేతుల్లోంచి నోట్లోకి వెళ్తుంది. వాటర్ పేపర్ (నీళ్ళలో తడిపి వాడే సాండ్ పేపర్) తెచ్చి తడుపుతూ రుద్దండి, కింద పరిచిన కాగితాలు మడిచి పారేయండి, తడి గుడ్డతో తుడవండి, చీపురు పెట్టొద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఇంకోటి, స్ప్రే డబ్బాలో రంగుని తోసే గ్యాస్ చాలావాటిలో మన వంటగ్యాస్ లాంటిదే. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, పక్కన వంటింట్లో పొయ్యి, ఏదీ వెలుగుతూ ఉండకూడదు. కరోనాప్పటి ఎన్95 మాస్క్ తుంపరని ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు, దానికి కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్క్ వేరే ఉంటుంది.

గోదారమ్మాయి:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మా పాపకి మూడేళ్ళు, ఆ స్టాండుని ఇప్పుడే బయట పెట్టించేశాను, తడిపే రుద్దిస్తాను. తమ్ముడూ, అద్దం గురించి నువ్వు చెప్పింది మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడ మొహం వెలిగిపోయింది, పాపం పైకి అనలేదు గానీ దానికి రంగు వేయడం ఆవిడకి అస్సలు ఇష్టం లేదట. దానికి పాలిష్షే. మరి పీట సంగతి? బాల్కనీ సంగతి ఎవరూ చెప్పలేదు.

రంగులడబ్బా:
ఐదో అంతస్తు బాల్కనీలో వద్దండి, తుంపర గాలికి కొట్టుకుపోయి కింద కార్ల మీదా పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టల మీదా పడుతుంది, గొడవలైపోతాయి. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అడిగి పెట్టుకోండి, ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి సంపాదించి పక్కకి పడుకోబెడితే ఫ్రేములు, చిన్న వస్తువులు దాంట్లోనే కొట్టుకోవచ్చు. పని అయ్యాక డబ్బాని తలకిందులు చేసి గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కండి, లేకపోతే నాజిల్ బిగుసుకుపోయి సగం డబ్బా వృథా.

సీతారామపురం_సరస్వతి:
పీట దేవుడి దగ్గర వేసేదైతే తెలుపు వద్దు తల్లీ. పసుపు, కుంకుమ, నూనె పడతాయి, తెల్లరంగులోకి పసుపు ఇంకిందంటే ఎంత తుడిచినా ఆ చాయ పోదు, మ్యాట్ రంగైతే మరీను. కడిగి ఎండబెట్టి కాస్త కొబ్బరినూనె రాసి ఉంచు, పండక్కి ముగ్గు వేసుకుంటే అదే కళ. భోజనాల పీటయినా అంతే, తడి తగిలే చోట రంగు నిలవదు.

డాలస్_శీను:
మేం ఇక్కడ గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తేసి చేస్తాం, వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటే మాత్రం బయటికి పోవాల్సిందే, దాని లోపల ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట సంగతి చాలామంది మర్చిపోతారు. ఒక్క మాట: రంగు అరగంటలో ముట్టుకోవచ్చు అని రాస్తారు గానీ గట్టిపడటానికి వారం పడుతుంది, ఈలోపు ట్రంకు మీద ఫ్లవర్‌వాజ్ పెట్టారో అతుక్కుపోయి రంగుతో సహా లేస్తుంది.

గోదారమ్మాయి:
అమ్మా, పీట అలాగే ఉంచేస్తాను. చివరిగా ఒక్కటి, ఇంట్లో వెలిసిపోయిన నీల్‌కమల్ కుర్చీలు కూడా ఉన్నాయి, అదే డబ్బాతో వాటికీ కొట్టేయొచ్చా?

రంగులడబ్బా:
అవి పాలీప్రొపిలీన్, దాని మీద మామూలు రంగు పట్టదు, గోరుతో గీకితే పొరలాగా వచ్చేస్తుంది. ప్లాస్టిక్ కోసం అమ్మే అడ్హిషన్ ప్రైమర్ ముందు కొట్టాలి, కారు పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. రోజూ కూర్చునే కుర్చీకి అదీ ఎక్కువకాలం ఆగదు, డబ్బులు దండగ, ఆ డబ్బాలు పేము కుర్చీలకి దాచుకోండి.