‘హీ హాజ్ ద క్యూర్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఐర్లండ్ పల్లెల నాటు వైద్యం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడ ఫలానా ఆయనకు తామర ‘క్యూర్’ ఉంది, ఫలానా ఆవిడకు కోరింత దగ్గు ‘క్యూర్’ ఉంది అంటారు. ‘వైద్యం తెలుసు’ అని రాస్తే చప్పగా ఉంది. హస్తవాసి అనొచ్చా?

జవాబు: హస్తవాసి వద్దండీ. హస్తవాసి ఉన్న డాక్టరు ఏ రోగానికి ఏ మాత్ర ఇచ్చినా గుణం కనిపిస్తుందంటాం. అక్కడ సాధారణంగా ఒక మనిషికి ఒక రోగమే. చదివితే వచ్చేదీ కాదు. ఏడో కొడుక్కి ఏడో కొడుకుగా పుడితే పుట్టుకతోనే వస్తుంది. తండ్రి పోయాక పుట్టినవాళ్ళు నోట్లోకి ఊదితే పసిపిల్లల నోటిపూత తగ్గుతుందని నమ్మకం. బల్లిలా ఉండే ఒక నీటిజీవిని నాకినవాళ్ళు కాలిన పుండును నాకితే మానుతుందట. పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ ఒకటే అయిన ఆవిడ చేతి రొట్టె తింటే కోరింత దగ్గు పోతుందట. (మనలో చాలా ఇళ్ళల్లో ఆ సంబంధమే కలుపుకోరు, దగ్గు సంగతి దేవుడెరుగు!)

మరొకరు: ‘ఆయనకు తేలు మంత్రం వచ్చు’ అంటాం కదా, అలా రాస్తే? డబ్బు పుచ్చుకోకూడదనే కట్టుబాటు అక్కడా ఉంది. థాంక్స్ కూడా చెప్పకూడదంటారు.

జవాబు: కట్టుబాటు కలిసింది గానీ మాట కలవలేదండీ. ‘వచ్చు’ అంటే నేర్చుకున్నట్టు. ఒకసారి ఇంగ్లీషును పక్కన పెట్టి ఐరిష్ చూడండి: ‘టా లైస్ ఎగె’. టా అంటే ఉంది, లైస్ అంటే మందు, విరుగుడు, ఎగె అంటే అతని దగ్గర. ‘హ్యావ్’ లాంటి క్రియ ఆ భాషలో లేదు, మనలాగే ‘దగ్గర ఉంది’ అనాల్సిందే. కాబట్టి ‘ఆయన దగ్గర తామరకు విరుగుడు ఉంది’ అని రాసేయండి. ‘మందు ఉంది’ అంటే మనవాళ్ళు గ్లాసులు పట్టుకుని బయల్దేరతారు.

మళ్ళీ ప్రశ్న: బావుంది, విరుగుడే ఖాయం. ఇంకొక్కటి. 1937-39లో అక్కడి బడిపిల్లలు ఇళ్ళల్లో పెద్దలనడిగి ఇలాంటివి బోలెడు రాసుకొచ్చారు. కోరింత దగ్గుకు తెల్లగుర్రం మీద పోయే మనిషిని ఆపి మందు అడగాలన్నది అందులో ఒకటి. అతని దగ్గరా ‘విరుగుడు ఉంది’ అనొచ్చా?

జవాబు: కుదరదండీ, అతని దగ్గరున్నది గుర్రం ఒక్కటే! ‘అతను ఏది చెబితే అదే మందు’ అనండి, సరిపోతుంది.